ఎక్స్‌రే నార్మల్ వచ్చినా మెడకు సీటీ తీయించండి

జారిపడి వారమైనా మీ నాన్నగారు (74) మెడ తిప్పలేకపోతున్నారు, ఎక్స్‌రే నార్మల్, పుత్తూరు కట్టు కట్టిద్దామా అని అడిగారు కదండీ. దయచేసి వద్దు. మాలిష్ కూడా వద్దు. 108 వాళ్లతో గట్టి కాలర్ వేయించి, ఈరోజే స్పైన్ సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లి సీటీ చేయించండి.

మెడలోని రెండో ఎముక నుంచి పన్ను లాంటి ముక్క పైకి ఉంటుంది, ఒడొంటాయిడ్ అంటారు. పెద్దవాళ్లు పడి నుదురు తగిలితే తరచుగా విరిగేది అదే. ఎక్స్‌రేలో పళ్ల నీడ వెనక దాక్కుంటుంది, సీటీలో దొరుకుతుంది. లిగమెంట్ల (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీలు) మీద అనుమానం ఉంటే ఎంఆర్ఐ కూడా తీస్తారు.

విరిగిందన్నా టెన్షన్ పడకండి. విరుగు ఆ పన్ను కిందున్న రెండో ఎముక లోపలికి దిగితే కాలర్‌తోనే సాధారణంగా అతుకుతుంది, మూడు నెలలు పట్టొచ్చు. ఆ పన్ను మొదలు దగ్గర విరిగితేనే చిక్కు. ఈ వయసులో అది చాలాసార్లు సరిగా అతకదు. ముక్క 5 మిల్లీమీటర్లకు మించి జరిగితే చాలామంది సర్జన్లు పై రెండు ఎముకలను స్క్రూలతో కలపమంటారు. ఆ తర్వాత తల పక్కకు తిప్పడం దాదాపు సగం తగ్గుతుంది, ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోండి.

చేతులు తిమ్మిరెక్కినా, నడక తూలినా, మూత్రం ఆగినా డాక్టరుకు వెంటనే చెప్పండి. రిపోర్టు రాగానే ఇక్కడ రాయండి, చూస్తాను.