రన్ కొట్టే ముందు జవాబు రాసుకో

చిరంజీవి చిన్నాకి పెద్దమ్మ ఆశీస్సులు.

ఉభయకుశలోపరి. పుణెలో సిమ్యులేషన్ విభాగంలో చేరావని, ఇంతవరకూ మెషింగ్ (భాగాన్ని లెక్క కోసం ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా విడగొట్టడం) తప్ప ఇంకేమీ చేయనివ్వలేదని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. విసుక్కుంటున్నావట. విసుక్కో, ఆ వయసులో అందరూ విసుక్కుంటారు. నువ్వు వాట్సాప్‌లో అడిగిన ‘ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిది?’ అన్నదానికి జవాబు చిన్నది: మీ ఆఫీసులో దేనికి లైసెన్సు ఉంటే అది. ఆన్సిస్ అయినా అబాకస్ అయినా లోపల సాధించేవి అవే సమీకరణాలు. మెనూలు ఎక్కడున్నాయో వేళ్లకు వాటంతట అవే అలవాటవుతాయి.

అలవాటు కానిది వేరే ఉంది. రన్ కొట్టే ముందు, అంటే కంప్యూటర్‌ను లెక్క వెయ్యమనే ముందు, జవాబు ఎంత రావాలో కాగితం మీద రాసి పెట్టుకోవడం. డిజైన్ ఆఫీసులో నా ఉద్యోగకాలం అంతా గడిచాక నీకు అప్పగించడానికి నా దగ్గర ఉన్నది ఈ ఒక్క అలవాటే. మిగిలినవన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ఒక మీటరు పొడవున్న ఉక్కు కడ్డీ తీసుకో. వెడల్పు 50 మి.మీ., ఎత్తు 100 మి.మీ. ఒక చివర గట్టిగా బిగించి, రెండో చివర 1,000 న్యూటన్ల బరువు వేలాడదీశాం, అంటే సుమారు వంద కిలోలు. బీటెక్ రెండో ఏడాదిలో బట్టీ పట్టిన కాంటిలీవర్ సూత్రంలో పెట్టు. ఉక్కు యంగ్స్ మాడ్యులస్ (అది ఎంత బిర్రో చెప్పే అంకె) చదరపు మిల్లీమీటరుకు 2,00,000 న్యూటన్లు వేస్తే చివర 0.4 మి.మీ. కిందికి దిగుతుంది. బిగింపు దగ్గర స్ట్రెస్ (లోహం లోపల ఒత్తిడి) చదరపు మిల్లీమీటరుకు 12 న్యూటన్లు. క్యాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

‘నాకిచ్చే బ్రాకెట్ కడ్డీలా ఉండదు పెద్దమ్మా, దానికి రంధ్రాలు, వంపులు, పక్కటెముకలు ఉంటాయి’ అంటావు. ఉండనీ. దాన్ని దిట్టమైన కడ్డీగా అనుకుని ఒకసారి, బక్క కడ్డీగా అనుకుని ఇంకోసారి లెక్క వెయ్యి. అసలు జవాబు ఆ రెంటి మధ్య ఎక్కడో ఉండాలి. వంగుడు 0.3కీ 0.8 మి.మీ.కీ మధ్య రావాలని రాసుకున్నావనుకో. సాల్వర్, అంటే సాఫ్ట్‌వేర్‌లో సమీకరణాలు సాధించే భాగం, 0.55 ఇస్తే ముందుకు పో. 40 ఇస్తే ఆగు. నీ కాగితం తప్పయినా కావచ్చు, మోడల్ తప్పయినా కావచ్చు. ఏది తప్పో తేలేదాకా రిపోర్టు తెరవకు.

ముందే రాసుకోమని ఎందుకు అంటున్నానంటే, తెర మీద అంకె కనబడ్డాక మన బుర్ర దానికి కారణాలు వెతికి పెట్టడంలో మహా చురుకు. 40 చూశాక ‘ప్లేటు పలచనే కదా, అంత వంగుతుందిలే’ అనిపిస్తుంది. 0.004 చూసినా ‘రిబ్బులున్నాయి కదా’ అనిపిస్తుంది. ముందే సిరాతో రాసిన అంకె మాత్రం అలా లొంగదు.

యూనిట్ల సంగతి. చాలా సాల్వర్లకు యూనిట్లు తెలియవు. నువ్వు ఏమిస్తే అవే. పొడవు మిల్లీమీటర్లలో, బలం న్యూటన్లలో, కాలం సెకన్లలో పెడితే ద్రవ్యరాశి టన్నుల్లో ఉండి తీరాలి. ఉక్కు సాంద్రత అప్పుడు ఘనపు మిల్లీమీటరుకు 7.85 గుణించు పది టు ది పవర్ మైనస్ 9. ఎవరో కిలోల్లో ఉన్న అంకె వేశారనుకో, సాంద్రత వెయ్యి రెట్లు పెరిగిపోతుంది, సహజ పౌనఃపున్యం (భాగం తనంతట తాను కంపించే వేగం) దాదాపు 32వ వంతుకు పడిపోతుంది. మోడ్ షేపులు (కంపించేటప్పటి ఆకారాలు) మాత్రం చక్కగా ఊగుతూ కనిపిస్తాయి. బొమ్మ చూసి పట్టుకోలేవు, అంకె చూస్తేనే పట్టుకుంటావు.

తర్వాత ఆధారాలు, మీ భాషలో బౌండరీ కండిషన్లు. మెషింగ్ నేర్పడానికి పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా దీనికి ఎవరూ పెట్టరు, నాకు అర్థం కాని విషయం అది. పొడుగునా సమానంగా బరువు మోస్తున్న దూలాన్ని రెండు చివర్లా ఊరికే ఆనించి పెట్టావనుకో, మధ్యలో ఎంత వంగుతుందో, అదే దూలాన్ని రెండు చివర్లా బిగిస్తే అందులో అయిదో వంతే వంగుతుంది. ఒక్క టిక్కు తేడా, అయిదు రెట్ల జవాబు. నాలుగు బోల్టులతో పట్టిన నిజమైన ప్లేటు పూర్తిగా ఆనించినదీ కాదు, పూర్తిగా బిగించినదీ కాదు. కాబట్టి రెండు రకాలుగానూ రన్ చెయ్యి. రెండు జవాబులూ రిపోర్టులో పెట్టు. ‘ఒక్క జవాబు చెప్పవయ్యా’ అని మేనేజరు అంటే, ఆ బోల్టులు ఎంత బిగిస్తారో, వెనక ఉన్న గోడ ఎంత గట్టిదో చెప్పమను. అక్కడితో సంభాషణ మంచి దారిలో పడుతుంది.

రన్ అయ్యాక స్ట్రెస్‌ను రంగుల్లో చూపే బొమ్మ తెరవకుండా ముందు రియాక్షన్లు (ఆధారాలు తిరిగి నెట్టే బలాలు) కూడు. నువ్వు వేసిన లోడు మొత్తం ఆధారాల దగ్గర తిరిగి లెక్కకు రావాలి. రాకపోతే ఎక్కడో లోడు పడలేదు, లేదా రెండుసార్లు పడింది. వచ్చినంత మాత్రాన మోడల్ సరైనదని కాదు సుమా. ఆధారం తప్పుచోట పెట్టినా ఆ కూడిక సరిపోతుంది.

ఇప్పుడు నీ మెష్ దగ్గరికి వస్తాను. నార్వేలో స్లైప్నర్ ఏ అనే సముద్రపు గ్యాస్ ప్లాట్‌ఫామ్ కథ మీ కాలేజీలో చెప్పారో లేదో. 82 మీటర్ల లోతు నీటిలో నిలబడాల్సిన కాంక్రీటు దిమ్మె అది. 24 గుండ్రటి గదులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, మూడు గదులు కలిసేచోట ముక్కోణపు సందు మిగులుతుంది, ఆ సందులో సముద్రపు నీరు నిండుతుంది. 1991 ఆగస్టు 23న స్టవాంగర్ దగ్గర గాండ్స్‌ఫియోర్డ్‌లో దాన్ని పరీక్షగా మెల్లగా ముంచుతుండగా అలాంటి సందు గోడ ఒకటి పగిలింది. పంపులు నీటిని తోడలేకపోయాయి. దిమ్మె మొత్తం అడుక్కి పోయి ముక్కలైంది, భూకంప యంత్రాల మీద 3 తీవ్రతతో నమోదైంది. మనుషులు తప్పించుకున్నారు.

సాల్వర్‌లో దోషం లేదు. ఆ సందు గోడల దగ్గర మెష్ మరీ ముతకగా, ఎలిమెంట్లు వంకరగా ఉన్నాయి. దాంతో గోడలో షియర్ స్ట్రెస్ (కత్తిరించినట్టు కోసే ఒత్తిడి) అసలుకన్నా 47 శాతం తక్కువగా వచ్చింది. దాన్నే నమ్మి గోడ పలచగా వేశారు, మూలల్లో ఇనుము కూడా చాలినంత దూరం పొడిగించలేదు. ప్రమాదం తర్వాత జాగ్రత్తగా మళ్లీ లెక్కవేస్తే 62 మీటర్ల లోతులో గోడ పగలాలని వచ్చింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర. అంటే లెక్క పద్ధతికి ఆ పగులు ముందే చెప్పగల శక్తి ఉంది, అడిగిన తీరులోనే లోపం. ఇంకో ముచ్చట: మునిగిన దాని స్థానంలో కట్టిన కొత్త దిమ్మెకు కంప్యూటర్ ఫలితాల కోసం ఆగకుండా స్లైడ్ రూలు (క్యాలిక్యులేటర్లకు ముందు లెక్కలకు వాడిన జారే కొలబద్ద) కాలం నాటి చేతి పద్ధతులతో డిజైన్ మొదలుపెట్టారు. 1993లో అది సిద్ధమైంది.

నువ్వు విసుక్కుంటున్న పని అదీ, చిన్నా.

చేతిలెక్క ఆ గోడ దగ్గర ఏం చెప్పేదో చూడు. 65 మీటర్ల నీటి అడుగున పీడనం చదరపు మిల్లీమీటరుకు దాదాపు 0.65 న్యూటన్లు. గోడ పొడవు, మందం తెలిస్తే దాని చివర షియర్ ఎంతో రెండు వరసల్లో వస్తుంది. నాగార్జునసాగర్ డ్యామ్ చూడ్డానికి వెళ్లినప్పుడు నువ్వు గేట్లు లెక్కపెట్టావు గుర్తుందా? 1955లో శంకుస్థాపన జరిగిన ఆ 124 మీటర్ల రాతి కట్టడానికి మెష్ ఏదీ లేదు. నీటి తోపుడు ఎంత, కట్ట బరువు ఎంత, రెండూ కలిసిన బలం అడుగున ఎక్కడ పడుతుంది అన్న ప్రశ్నలతో మొదలవుతుంది ఆ లెక్క. పాతకాలమే గొప్పదని అనడం లేదు. మీ సాధనాలు మాకుంటే కళ్లకద్దుకునేవాళ్లం. ప్రశ్న మాత్రం అప్పుడూ ఇప్పుడూ అదే.

మెష్ సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? అన్నం ఉడికిందో చూడ్డానికి ఒక మెతుకు చాలు గానీ, మెష్‌కి ఒక్క రన్ చాలదు. ఎలిమెంటు సైజు సగం చేసి మళ్లీ, దాన్నీ సగం చేసి మళ్లీ రన్ చెయ్యి. వంగుడు 0.31, 0.37, 0.39 అని పెరిగే వేగం తగ్గుతూ వస్తే నమ్మొచ్చు. పలచటి గోడకు మందం దిశలో ఒకే వరస నాలుగు నోడ్ల టెట్లు (నాలుగు మూలల బిందువులే ఉన్న ముక్కోణపు పిరమిడ్ ఎలిమెంట్లు) పెట్టేవాళ్లు మీ ఆఫీసులోనూ ఉంటారు. అవి వంగమంటే మొరాయిస్తాయి. ఉన్నదానికన్నా గట్టిగా కనిపిస్తుంది నిర్మాణం, వంగుడు తక్కువ, స్ట్రెస్ తక్కువ, అందరూ సంతోషం. పది నోడ్ల టెట్లు వాడు, లేదా వరసలు పెంచు. ఒక్కో ఎలిమెంటులో సగటు తీయని స్ట్రెస్‌ను, సగటు తీసిన నున్నటి బొమ్మను పక్కపక్కన పెట్టి చూడు. రెండూ బాగా తేడాగా ఉన్నచోట మెష్ చాల్లేదని అర్థం.

ఒక్కచోట మాత్రం ఎంత సన్నం చేసినా స్ట్రెస్ ఆగదు. లోపలికి తిరిగిన పదునైన మూల దగ్గర మెష్ సగం చేసిన ప్రతిసారీ మూడో వంతుకు పైగా పెరుగుతూనే పోతుంది. సిద్ధాంతం ప్రకారం అక్కడ జవాబు అనంతం మరి. ఆ అంకె పట్టుకుని భాగం విరుగుతుందని రాయకు, పట్టించుకోకుండా వదిలేయకు కూడా. డ్రాయింగులో ఆ మూలకు ఎంత ఫిల్లెట్ (మూలకు ఇచ్చే గుండ్రదనం) ఇచ్చారో కనుక్కుని, దాన్ని మోడల్లో గీసి, మళ్లీ రన్ చెయ్యి.

క్రాష్, డ్రాప్ టెస్టుల దగ్గరికి ఇంకా రాలేదు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ఎక్స్‌ప్లిసిట్ పద్ధతిలో (కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా నడిపించే లెక్క), ఒక ఎలిమెంటును ధ్వని దాటే కాలం కన్నా టైమ్ స్టెప్ పెద్దగా ఉండకూడదు. కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు 1928లోనే తేల్చిన షరతు. ఉక్కులో ధ్వని సెకనుకు సుమారు 5,000 మీటర్లు పోతుంది, కాబట్టి 5 మి.మీ. ఎలిమెంటుకు స్టెప్ ఒక మైక్రోసెకను. ఎక్కడో ఒక మూల 0.1 మి.మీ. చెత్త ఎలిమెంటు మిగిలితే మొత్తం రన్ యాభై రెట్లు సాగుతుంది. దాన్ని తప్పించుకోడానికి మాస్ స్కేలింగ్, అంటే అలాంటి ఎలిమెంట్ల బరువును లెక్కలో పెంచడం, పెడతారు. పెడితే ఎంత బరువు కృత్రిమంగా చేరిందో అవుట్‌పుట్ ఫైల్లో చూడు.

మోడల్ ఒక మాట, కొలత ఇంకో మాట చెప్పినప్పుడు ఏం చెయ్యాలన్నది అన్నిటికన్నా కష్టం. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ నగరంలో ఒక ఆడిటోరియానికి ఉక్కు స్పేస్ ఫ్రేమ్ (కడ్డీలను మూడు దిశల్లో అల్లిన చట్రం) పైకప్పు వేశారు, అప్పట్లో కంప్యూటర్ విశ్లేషణ అంటే కొత్త. కడుతున్నప్పుడే కొలిస్తే, లెక్కలో వచ్చినదానికి రెట్టింపు వంగింది. చెప్పినా పట్టించుకోలేదు. పై కడ్డీలు మధ్యలో పక్కకు కదలకుండా పట్టి ఉన్నాయని మోడల్ అనుకుంది. నిజంగా కట్టినదాంట్లో ఆ పట్టు చాలా బలహీనం. 1978 జనవరి 18 తెల్లవారుజామున మంచు బరువుకి కప్పు మొత్తం కూలింది. కొన్ని గంటల ముందు అక్కడే బాస్కెట్‌బాల్ ఆట చూసినవాళ్లు సుమారు అయిదు వేల మంది. టెస్ట్ ల్యాబ్‌లో స్ట్రెయిన్ గేజ్ (భాగం ఎంత సాగిందో కొలిచే పట్టీ) అతికించే కుర్రాడు ‘మీ అంకె కలవడం లేదు సార్’ అంటే, గేజ్ ఊడిందేమో అని మొదటి మాటగా అనకు. వెళ్లి ఆ భాగం చూడు. అసలు, నెలకోసారైనా షాప్ ఫ్లోర్‌కి వెళ్లు, నువ్వు మెష్ చేసినదాన్ని చేత్తో పట్టుకుని చూడు. వెల్డు ఎక్కడ ఆగిందో, షిమ్ (సందు పూడ్చే పలచటి రేకు) ఎక్కడ దూర్చారో క్యాడ్ ఫైల్లో ఉండదు.

రంగుల గురించి ఒక మాట. నేను పనిచేసిన ఒకచోట ‘ఎరుపు కనిపిస్తే క్లయింటు భయపడతాడు, లెజెండ్ స్కేలు (ఏ రంగు ఏ అంకెకో చెప్పే పట్టీ) మార్చెయ్యి’ అనేవారు. నీకూ ఎవరో ఒకరు అంటారు. స్కేలు మార్చు, తప్పులేదు, కానీ గరిష్ఠ విలువ అంకెను బొమ్మ మీదే పెద్దగా రాసి పెట్టు. వంగుడు బొమ్మలో ఎన్ని రెట్లు పెంచి చూపిస్తున్నామో కూడా రాయి. సాఫ్ట్‌వేర్ అరమిల్లీమీటరును కూడా విల్లులా చూపిస్తుంది. 247.3816 అని రాయకు, 250 అని రాయి. లోడే పది శాతం అటూఇటూగా తెలిసినప్పుడు దశాంశాలు ఎందుకురా?

ఒక పని చెప్తాను, వచ్చే ఆదివారం చెయ్యి. మధ్యలో గుండ్రటి రంధ్రం ఉన్న ప్లేటు, వెడల్పు రంధ్రానికి పది రెట్లు. రెండు పక్కలా లాగు. రంధ్రం అంచున స్ట్రెస్, రంధ్రానికి దూరంగా ఉన్నదానికి దాదాపు మూడు రెట్లు రావాలని కిర్ష్ అనే జర్మన్ ఇంజనీరు 1898లోనే చేతితో సాధించాడు. పావు ప్లేటు చాలు, సిమెట్రీ పెట్టు. ముతక మెష్, మధ్యస్థం, సన్నం, మూడూ చేసి మూడు అంకెలూ, ముందు రాసుకున్న కాగితం ఫోటో నాకు పంపు. ఆఫీసు ఫైళ్లేవీ పంపకు, రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టి ఉంటావు. స్టూడెంట్ వెర్షన్‌కి నోడ్ల పరిమితి ఉంటుంది గానీ, దీనికి సరిపోతుంది.

మీ అమ్మకి ఫోన్ చేస్తూ ఉండు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ