ఫొటో పక్కన పెయింటింగ్ ఎందుకు?

ప్రశ్న: మనుషుల పెయింటింగులనీ ఇప్పటి ఫొటోలనీ పక్కపక్కన పెట్టిన ఎగ్జిబిషన్ చూశాను. ఫొటో ఒక్క క్లిక్‌తో అయిపోతుంది కదా, రెండింటినీ ఒకే గాటన కట్టడం ఏమిటండీ?

జవాబు: ఒక్క క్లిక్‌తో అయిపోతుందని ఎవరన్నారు! ఫ్రెంచ్ చిత్రకారుడు మానే 1882లో పూర్తి చేసిన బార్ పెయింటింగ్‌లో కౌంటర్ దగ్గర ఒకమ్మాయి, వెనక పెద్ద అద్దం ఉంటాయి. 1979లో కెనడా ఫొటోగ్రాఫర్ జెఫ్ వాల్ దాన్నే మనసులో పెట్టుకుని స్టూడియోలో ఒక ఫొటో తీశాడు, కాకపోతే ఇక్కడ నడిమధ్యన కెమెరానే మనవైపు చూస్తూ ఉంటుంది. ఆయనే 1993లో జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ గీసిన ఈదురుగాలి దృశ్యాన్ని ఫొటోగా మలచడానికి వందకు పైగా షాట్లు కలిపాడు. ఇంకేం క్లిక్? మానే కాలపు ఫ్రెంచ్ చిత్రకారుడు దెగా కూడా కెమెరా పట్టినవాడే. ఈసారి వెళ్తే ముందు చేతులు చూడండి: పెయింటింగ్‌లో వేళ్లు ఒక్కోసారి రంగులో కరిగిపోతాయి, ఫొటోలో గోటి కింద మట్టి కూడా దాగదు.