గత పదేళ్లలో వచ్చిన వీడియో గేముల్లో మీకు బాగా నచ్చినవి ఏవి? ఎందుకు?

2015 నుంచి లెక్క వేసుకుంటాను. ముందే ఒక మాట. పొద్దంతా గచ్చిబౌలిలో ఉద్యోగం చేసి, ట్రాఫిక్‌లో ఈదుకుంటూ కూకట్‌పల్లి చేరి, పాప పడుకున్నాక ఓ గంట కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి జవాబు ఇది. వంద గంటలు పెడితే గానీ రుచి తెలియని గేములు ఎంత గొప్పవైనా నాకు అందవు. ఆ గంట అయ్యి లేచేటప్పుడు ఏదో ఒకటి తేలి ఉండాలి. నేను చూసేది అదొక్కటే.

ఆడిన గంటలే లెక్కయితే నేనే కాదు, హైదరాబాద్‌లో చాలామంది చెప్పాల్సిన పేరు పబ్జీ మొబైల్. 2018లో వచ్చింది. వందమంది విమానంలోంచి దూకడం, ఎనిమిది కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ఎరాంగెల్ దీవిలో తుపాకులు ఏరుకోవడం, చివరికి ఒక్క జట్టు మిగలడం. కథ అంతే. మజా అంతా ఇయర్‌ఫోన్లలో ఉండేది. "అన్నా, ఇంటెనక ఒకడున్నడు", "అరేయ్, ముందు నన్ను లేపుర్రా", "సిక్స్ ఎక్స్ స్కోప్ దొరికింది, ఎవరికన్నా కావాల్నా?" అమీర్‌పేట హాస్టల్లో ఒకడు, కరీంనగర్‌లో ఒకడు, విజయవాడ నుంచి మా పిన్ని కొడుకు, నేను. ఆ దీవిలోని పోచింకి ఊళ్లో ఏ ఇంటికి ఎన్ని కిటికీలున్నాయో మాకు కంఠతా వచ్చు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించినప్పుడు అదీ పోయింది. మరుసటి ఏడాది బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) పేరుతో తిరిగొచ్చింది. 2022 జూలైలో మళ్లీ మాయమై, 2023 మేలో మళ్లీ ప్రత్యక్షమైంది. ఈలోగా మా జట్టులో అందరికీ పెళ్లిళ్లయ్యాయి. ఒక్కణ్నే ఆడి చూశాను, పది నిమిషాలకే విసుగొచ్చింది. అందుకే దాన్ని ఇష్టమైన వాటిలో వెయ్యను.

ఇష్టమైనవి అంటే నా మొదటి పేరు ఔటర్ వైల్డ్స్. 2019 మేలో వచ్చింది. దర్శకుడు అలెక్స్ బీచమ్ చదువుకునే రోజుల్లో చేసిన థీసిస్ నుంచి పెరిగిన గేమ్ ఇది. (అదే ఏడాది ఔటర్ వరల్డ్స్ అని ఇంకోటి కూడా వచ్చింది. కొనేటప్పుడు పేరు సరిగ్గా చూసుకోండి.)

చిన్న సౌరమండలం, మీ చేతికో డొక్కు నౌక. ఆట మొదలైన 22 నిమిషాలకు సూర్యుడు పేలిపోతాడు. మీతో సహా అంతా బూడిద. మళ్లీ అదే చలిమంట పక్కన, అదే ఆకాశం కింద కళ్లు తెరుస్తారు. తుపాకి లేదు, లెవెల్స్ లేవు, నాణేలు ఏరుకోవడం లేదు. ఒక చావు నుంచి ఇంకో చావుకి మీతో వచ్చేది మీరు తెలుసుకున్న సంగతులే. నౌకలోని లాగ్ వాటిని మరిచిపోకుండా రాసి పెడుతుంది. జంట గ్రహాలు రెండుంటాయి. ఒకదాని మీది ఇసుక నిమిషనిమిషానికీ రెండోదాని మీదికి జారుతూ ఉంటుంది. ఇసుక వచ్చి పడే గ్రహం గుహల్లో పని ఉంటే మొదట్లోనే దూరాలి, ఆలస్యమైతే ఇసుకలో సమాధే. ఇసుక పోతున్న గ్రహం మీద ఏముందో చూడాలంటే మాత్రం అది దిగేదాకా ఆగాలి. ఇంకో గ్రహం లోపల నల్లబిలం ఉంటుంది, పైపెంకు ముక్కలు ముక్కలుగా విరిగి అందులోకి రాలిపోతూ ఉంటుంది. ఇవేవీ మీ కోసం ఆగవు. మీరు ఎక్కడున్నా వాటి పని అవి చేసుకుపోతాయి.

అసలు కిటుకు ఏంటంటే, సంగతులన్నీ తెలిసినవాడు ఈ గేమ్‌ను ఒకే చుట్టులో పూర్తి చేసేయొచ్చు. తాళం వేసిన తలుపంటూ దాదాపు లేదు, మనకు తెలియకపోవడమే తాళం. దానివల్ల వచ్చిన చిక్కు, రెండోసారి ఆడలేం. ఇప్పుడు మా బావమరిది ఆడుతున్నాడు. "బావా, ఇక్కడేం చెయ్యాలె?" అని అడిగినప్పుడల్లా నోరు కట్టుకుని కూర్చోవడం నాకో పెద్ద పరీక్ష.

ఇలా మన బుర్రనే నమ్ముకున్న గేమ్ ఇంకోటుంది, రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్. 2018లో లూకాస్ పోప్ దాదాపు ఒంటిచేత్తో చేశాడు. 1807లో ఒక ఓడ మనుషుల్లేకుండా రేవుకు తిరిగొస్తుంది. ఈస్టిండియా కంపెనీ తరఫున లెక్క తేల్చడానికి వెళ్లిన బీమా ఇన్‌స్పెక్టర్ మీరు. ఓడలో అరవై మంది. ఎవరు ఎవరో, ఎవరికి ఏమైందో యాస, బట్టలు, ఉయ్యాల పడకల మీది నంబర్లు చూసి తేల్చాలి. ముగ్గురి సంగతి సరిగ్గా రాస్తే గానీ ఒప్పో తప్పో చెప్పదు, కాబట్టి గుడ్డిగా ఊహిస్తూ పోతే కుదరదు. మా ఇంట్లో దీనికోసం పాప రఫ్ నోట్‌బుక్ ఒకటి ఖర్చయింది.

గ్రీకు పురాణాల్లోని పాతాళ రాజు కొడుకు ఇల్లు వదిలి పారిపోవాలని చూసే హేడీస్ (2020) గురించి ఎక్కువ చెప్పను. ఒక ఆట అరగంటలో తేలిపోతుంది, చచ్చినా కథ ముందుకే నడుస్తుంది. తండ్రి మాట కాదని గడప దాటే కొడుకు మన పౌరాణికాలు చూసి పెరిగినవాళ్లకు కొత్త కాదు.

మా ఆవిడ ఓటు ఇట్ టేక్స్ టూకి. 2021లో వచ్చింది. ఇద్దరు ఉంటేనే ఆడగలిగే గేమ్, విడాకుల దాకా వచ్చిన మొగుడూ పెళ్లాలు బొమ్మలైపోతారు. అంతకుముందు ఆవిడ కంట్రోలర్ పట్టింది లేదు. కెమెరా ఒక చేత్తో, నడక ఇంకో చేత్తో అలవాటయ్యేదాకా గోడలకేసి నడిచింది. తర్వాత నాకే చీవాట్లు మొదలయ్యాయి, "నేను దూకమన్నప్పుడు దూకవేం?" అని. ఏనుగు బొమ్మ ఘట్టం దగ్గర మాత్రం కంట్రోలర్ పక్కన పెట్టేసి, ఇది రాసినవాణ్ని తిట్టింది. ఆడినవాళ్లకు తెలుస్తుంది.

విచర్ 3 (2015) పేరు లేదేంటని కామెంట్లు రాకముందే చెప్తున్నా, ఆడాను. అందులో వెలెన్ అనే ప్రాంతంలో జరిగే బ్లడీ బారన్ కథ ఒక్కటి చాలు దాని రచన ఏ స్థాయిదో తెలియడానికి. కానీ అక్కడ గంట అంటే రెండు ఊళ్ల మధ్య గుర్రపు స్వారీకే సరి. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అయితే కంప్యూటర్లో 150 జీబీ చోటు అడుగుతుంది. ఎల్డెన్ రింగ్‌కు నా గంట సరిపోదు, ఓపిక అసలే సరిపోదు.

కొనాలనుకునేవాళ్లకు: కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో 2015 చివరి నుంచి ధరలు రూపాయల్లోనే ఉన్నాయి, వేసవి, శీతాకాలం సేల్స్‌లో బాగా తగ్గుతాయి. కొన్న పద్నాలుగు రోజుల్లో, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే డబ్బు వెనక్కిస్తారు. ఔటర్ వైల్డ్స్‌ను మాత్రం ఆ రెండు గంటలతో తూచకండి, నౌకను నేలకేసి గుద్దకుండా దింపడం నేర్చుకునేసరికే అవి అయిపోతాయి.