వేప నూనె తాగించొచ్చా, గజ్జికి వేపాకు చాలా? పాలమూరు ఇంట్లో చూసింది చెబుతున్నా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: నాలుగేళ్ళ బాబుకు రాత్రిళ్ళు వెనక దురద, వేళ్ళ సందుల్లో పొక్కులు. మీ అత్తమ్మ కడుపులో పురుగులకని చెంచాడు వేప నూనె తాగిస్తానంటున్నారు, ఒంటికి వేపాకు నూరి రాస్తే గజ్జి కూడా పోతుందంటున్నారు. ఇంట్లో మేకలకు పిడుదులు కూడా ఉన్నాయి.

ముందు నూనె సంగతి. తాగించకండి. ఒక్క చెంచా కూడా వద్దు. పసిపిల్లలకు వేప నూనె తాగిస్తే గంటల్లోనే వాంతులు, మగత, ఆయాసం, ఆ తర్వాత ఫిట్స్ వచ్చిన సంఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. 1981లో మలేషియా డాక్టర్లు ఇలాంటి పిల్లల గురించి రాశారు. కాలేయంలో కొవ్వు చేరడం, మెదడు దెబ్బతినడం వాళ్ళు గమనించారు. ఆ పిల్లలకూ నూనె తాగించింది ఇంట్లోవాళ్ళే, జలుబుకో కడుపుకో మంచిదని. మన దేశంలోనూ ఇలాంటి కేసులు వచ్చాయి. ఒకవేళ ఇప్పటికే తాగించి ఉంటే, వేలు పెట్టి కక్కించొద్దు, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రమాదం. సీసా చేతిలో పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళండి.

"ఉగాది పచ్చడిలో వేపపువ్వు తింటాం, పొద్దున్నే వేపపుల్ల నములుతాం, మాకేమైంది?" అని అత్తమ్మ అడగొచ్చు. ఆమె అడిగేదాంట్లో న్యాయం ఉంది. పచ్చట్లో చిటికెడు పువ్వు వేరు, గింజలు గానుగాడిన నూనె వేరు. వేపలోని ఘాటైన పదార్థాలు ఆకులోకంటే గింజలోనే చాలా ఎక్కువ. కడుపుతో ఉన్నవాళ్ళు కూడా వేప నూనె గానీ, వేప కషాయం గానీ లోపలికి తీసుకోకూడదు. గర్భం నిలవకుండా వేప నూనె వాడటం పాత పద్ధతుల్లో ఉంది, దాని మీద పరిశోధనలూ జరిగాయి.

ఇక నా సంగతి. మా పుట్టిల్లు కల్వకుర్తి దగ్గర ఒక ఊరు, గొర్రెలున్న ఇల్లు. ఇప్పుడు దేవరకొండ వైపు సర్కారు బడిలో టీచర్‌ని. కాబట్టి గజ్జి, పేన్లు, పురుగులు, పిడుదులు, అన్నీ ఇటు ఇంట్లోనో అటు బడిలోనో చూస్తూనే ఉన్నాను. వేప మీద నాకు గౌరవమే. దానికి ఏ పని చెప్పాలో, ఏ పని చెప్పకూడదో చూసుకోవాలి, అంతే.

గజ్జికి మా అమ్మమ్మ చేసే వైద్యం చెబుతాను. వేపాకు నాలుగు వంతులు, పసుపు కొమ్ము ఒక వంతు, రోట్లో మెత్తగా నూరేది. గజ్జి ఉన్న పిల్లాణ్ణి ఒక్కణ్ణే పిలిచేది కాదు. ఇంట్లో అందరినీ వరుసగా కూర్చోబెట్టేది, దురద లేనివాళ్ళతో సహా. "ఒక్కనికి రాసి ఊకుంటే ఏం లాభం? పక్కల పండినోళ్ళందరికీ రాయాలె" అనేది. వేళ్ళ సందులు, మణికట్లు, చంకలు, బొడ్డు చుట్టూ, మొలతాడు కింద, ఎక్కడా వదలకుండా. ఆరినాక వేపాకు కాచిన నీళ్ళతో స్నానం. అదే రోజు బొంతలు, చెద్దర్లు, తొడుక్కున్న బట్టలు పెద్ద బానలో ఉడకబెట్టి ఎండేసేవాళ్ళు. గొంగళ్ళను ఉడకబెట్టలేరు కదా, వాటిని దండెం మీద మూడు నాలుగు రోజులు ఎండకే వదిలేసేవాళ్ళు, ఆ రోజుల్లో ఎవరూ కప్పుకోకూడదు. మా తాతకు అది పెద్ద తగాదా. గొంగడి లేకుండా ఆయనకు నిద్ర పట్టేది కాదు.

తర్వాత బడి పిల్లల కోసం గజ్జి గురించి చదివినప్పుడు ఆ గొంగళ్ళ పద్ధతి ఎంత సరైనదో తెలిసింది. గజ్జికి కారణం కంటికి సరిగా కనపడనంత చిన్న పురుగు. ఆడపురుగు చర్మం పై పొరలో సొరంగం తవ్వుకుని గుడ్లు పెడుతుంది. మనిషి ఒంటి నుంచి విడిపోతే అది మామూలుగా రెండు మూడు రోజులకు మించి బతకదు. కొత్తగా అంటుకున్నవాళ్ళకు దురద మొదలవడానికి కొన్ని వారాలు పడుతుంది, ఈలోగా వాళ్ళు ఇంకొకరికి అంటిస్తూనే ఉంటారు. దురద లేనివాళ్ళకు కూడా మందు రాయాల్సింది అందుకే. మా ఇంట్లో గజ్జి పోయిందంటే వేపాకుకు ఎంత పేరు ఇవ్వాలో, ఉడకబెట్టిన బొంతలకూ అంతే ఇవ్వాలి. ఇప్పుడు చాలామంది ఆకు రాయడం ఒక్కటే గుర్తుపెట్టుకున్నారు, మిగతా చాకిరీ మర్చిపోయారు.

మరి ఆ ముద్దకు సొంతంగా బలం లేదా? ఉందనే అనిపిస్తుంది. 1992లో వేపాకు, పసుపు ముద్దను గజ్జి ఉన్న 814 మందికి రాసి చూసిన ఒక అధ్యయనం వచ్చింది. 97 శాతం మందికి 3 నుంచి 15 రోజుల్లో తగ్గిందని రాశారు. చేసినవాళ్ళే దాన్ని తొలి ప్రయత్నమన్నారు, కాబట్టి ఇంత పెద్ద అంకె చూసి ఊగిపోనక్కర్లేదు, అలాగని కొట్టిపారేయనక్కర్లేదు. మీ బాబుకు మాత్రం నేనైతే పర్మెత్రిన్ 5 శాతం క్రీమే రాస్తాను. డాక్టర్‌కు చూపించాక, రాత్రి మెడ నుంచి అరికాళ్ళ దాకా రాసి పొద్దున కడిగేయడం, వారం తర్వాత మళ్ళీ ఒకసారి. ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. చిన్నపిల్లలకు తల, ముఖం సంగతి డాక్టర్ చెప్పినట్టు చేయండి. పురుగు చచ్చినా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉండొచ్చు. చాలామంది అక్కడే టెన్షన్ పడి మందు పనిచేయలేదని మళ్ళీ మళ్ళీ రాస్తారు, చర్మం మండిపోతుంది. వేపాకు కాచి చల్లార్చిన నీళ్ళ స్నానం ఆ రోజుల్లో పనికొస్తుంది, ఒంటికి హాయిగా ఉంటుంది. పొక్కుల్లో చీము పట్టినా, ముఖం ఉబ్బినా, మూత్రం ఎర్రగా గానీ పాలు లేని టీ రంగులో గానీ వచ్చినా ఇంటి వైద్యం ఆపేయాలి. గజ్జి పుండ్లలో చేరిన సూక్ష్మక్రిముల వల్ల కిడ్నీ దెబ్బతినే అవకాశం ఉంది.

మా బడి పక్కన హాస్టల్లో ఏటా చలికాలం ఇదే కథ. ఒక పిల్లకు వస్తుంది, ఆ పిల్లను ఇంటికి పంపిస్తారు, ఇంట్లో తగ్గించుకుని వస్తుంది, పక్క చాపలో పడుకునే పిల్ల నుంచి మళ్ళీ అంటుకుంటుంది. అందరికీ ఒకే రోజు మందు రాయండని ఎన్నిసార్లు చెప్పినా, "దురద లేనివాళ్ళకు ఎందుకు మేడం, ట్యూబులు వేస్ట్" అనేవాళ్ళు. మా అమ్మమ్మ ఉంటే చీపురు తిరగేసేది.

బాబుకు రాత్రిళ్ళు వెనక దురద అంటున్నారు కదా, అవి నులిపురుగులు కావచ్చు. ఆడపురుగు రాత్రిపూట బయటికొచ్చి గుడ్లు పెడుతుంది, దురద అందుకే. గోక్కుంటే గుడ్లు గోళ్ళలోకి, గోళ్ళ నుంచి నోట్లోకి. దీనికి వేపాకు రసం తాగించి చేదుతో పిల్లాణ్ణి ఏడిపించడం ఎందుకు? ఆల్బెండజోల్ మాత్ర ఉంది. 2015లో మొదలైన కార్యక్రమం కింద మామూలుగా ఏటా ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో బడుల్లో, అంగన్‌వాడీల్లో ఏడాది నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లలకు ఊరికే ఇస్తున్నారు కూడా. రెండేళ్ళు దాటినవాళ్ళకు 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, అంతకంటే చిన్నవాళ్ళకు సగం, నమిలి మింగాలి. నులిపురుగులకైతే రెండు వారాల తర్వాత డాక్టర్ ఇంకో మోతాదు చెబుతారు, ఇంట్లో మిగతావాళ్ళకూ వేయమంటారు. గోళ్ళు కత్తిరించడం, పొద్దున లేవగానే కడగడం, పక్కబట్టలు ఉతకడం, మళ్ళీ అదే చాకిరీ. చెప్పుల్లేకుండా పొలాల్లో తిరిగే పిల్లలకు కొంకిపురుగులు కాళ్ళ చర్మంలోంచే లోపలికి పోతాయి, రక్తం తగ్గిపోయి పాలిపోతారు. దానికీ ఈ మాత్రే, దాంతోపాటు చెప్పులు.

పేన్లకు మాత్రం వేప నూనెకు నా ఓటు. కొబ్బరినూనెలో కొంచెం వేప నూనె కలిపి తలకు పట్టించి, కాసేపు ఆగి పేన్ల దువ్వెనతో పాయపాయగా దువ్వాలి. నూనెలో పేన్లు సరిగా కదలలేవు, దువ్వెనకు దొరుకుతాయి. ఈర్లు మాత్రం చావవు. వారం పది రోజుల్లో అవి పగిలి కొత్త పేన్లు వస్తాయి, అందుకే రెండు వారాలైనా దువ్వుతూ ఉండాలి. ముందు మోచేతి లోపల ఒక చుక్క రాసి చూడండి, కొందరికి వేప నూనె పడదు.

ఇక్కడ మా పాలమూరు వాళ్ళకు ఒక హెచ్చరిక. బాలానగర్ సీతాఫలాలు మనవే, ఆ పేరుతోనే దేశమంతా పెంచుతున్నారు. పండు తిని గింజలు ఎండబెట్టి, పొడి చేసి, పేన్లకు తలకు పట్టించడం కూడా మనవైపు అలవాటు. ఆ పొడి కంట్లో పడితే కంటి నల్లగుడ్డు మీద పొర లేచిపోతుంది, కళ్ళు తెరవలేనంత మంట. పిల్లల తలకు అది వద్దు. వేప నూనె దీనికంటే చాలా నయం.

ఇంకో తేడా చూడండి. పత్తికి, మిరపకు కొట్టే వేప నూనె డబ్బాలు మన ప్రతి ఇంట్లో ఒక మూలన ఉంటాయి. 1500 పీపీఎం, 10000 పీపీఎం (పది లక్షల్లో అన్ని వంతులు) అని రాసి ఉంటుంది. నీళ్ళలో కలవడానికి అందులో వేరే రసాయనాలు కలుపుతారు. "అదీ వేపే కదా" అని పిల్లల తలకు, ఒంటికి రాస్తున్నారు. రాయకూడదు. ఆ పీపీఎం లెక్క అజాడిరక్టిన్ అనే పదార్థానిది, 1968లో వేప గింజల నుంచి వేరు చేశారు. పురుగు తిండి మానేసేలా, కుబుసం విడవలేకుండా చేస్తుంది. కొట్టిన సాయంత్రానికే పురుగు రాలి పడలేదని మా వైపు రైతులు దాన్ని తిట్టేది అందుకే, అది పనిచేసే తీరే నిదానం.

చలిజ్వరానికి వేపాకు కషాయం అనే మాట నల్లమల అంచు ఊళ్ళలో ఇంకా వినపడుతుంది. మలేరియాను కషాయంతో నెట్టుకురావద్దు. పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) వేలి నుంచి రక్తపు చుక్క తీసి అక్కడికక్కడే చెబుతారు, మందులు ఉచితం. దోమలకు మాత్రం వేప పనికొస్తుంది. కొబ్బరినూనెలో 2 శాతం వేప నూనె కలిపి ఒంటికి రాసుకుంటే మలేరియా దోమలు కుట్టడం బాగా తగ్గిందని 1993లో మన దేశపు శాస్త్రవేత్తలే చూపించారు. పెద్దవాళ్ళు రాసుకోవచ్చు. దోమతెర మానేసి మాత్రం కాదు.

మా అమ్మ తరం వాళ్ళను కదిపితే నారికురుపు కథలు చెబుతారు. మీటరు దాకా పొడుగుండే పురుగు కాలిలోంచి బయటికి వస్తుంటే, పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెం లాగేవాళ్ళు. పుండు మీద వేపాకు ముద్ద కట్టేవాళ్ళు. ముద్ద వల్ల పుండు కాస్త శుభ్రంగా ఉండిందేమో గానీ, మరుసటి ఏడు మళ్ళీ ఇంకొకరికి వచ్చేది. మెట్లు దిగి కాళ్ళు పెట్టే దిగుడు బావుల్లోనే తాగునీళ్ళు ముంచుకోవడం అసలు కారణం. పుండు నీళ్ళలో పెడితే పురుగు పిల్లల్ని వదులుతుంది, నీళ్ళలోని సన్న పురుగులు వాటిని మింగుతాయి, ఆ నీళ్ళు మనం తాగుతాం. అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ జబ్బు ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. నీళ్ళు బట్టతో వడగట్టించారు, బావుల్లో మందు వేశారు, దిగుడు బావులు మూసి బోర్లు వేశారు. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో వచ్చింది, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి ఆ జబ్బు లేదని ధ్రువపత్రం ఇచ్చింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ అత్తమ్మ "మా కాలంలో నారికురుపే వేపతో పోయింది" అనొచ్చు. మా ఇంట్లో ఒకరన్నారు.

చివరగా మేకలు. పిడుదులకు వేప నూనె గోరువెచ్చని నీళ్ళలో కొంచెం సబ్బుతో గిలక్కొట్టి చెవుల వెనక, తోక కింద, గజ్జల్లో గుడ్డతో రుద్దండి. కళ్ళకు, పొదుగుకు తగలనీయకండి, చిన్న మేకపిల్లలకు పూయకండి. ఒకసారితో పోవు, వారం వారం చేయాలి. పిడుదులు గుడ్లు పెట్టేది దొడ్డి గోడ పగుళ్ళలో, ఎరువు కింద. దొడ్డి ఊడ్చి, పగుళ్ళు మట్టితో పూడ్చి సున్నం కొట్టకపోతే మేకలకు ఎంత రాసినా దండగ. మేకల కడుపులో నట్టలకు (పురుగులకు) మాత్రం పశువుల ఆసుపత్రిలో ఇచ్చే నట్టల మందే తాగించండి, వానలు పడే ముందొకసారి, తర్వాతొకసారి. మేక పాలిపోయి, దవడ కింద నీరు దిగి కనపడితే ఆ మందు కోసం కూడా ఆగకుండా డాక్టర్‌ను పిలిపించండి.