వైజాగ్‌లో అడవి మొక్కలు, జీవాలు చూడాలంటే కార్తెలు గుర్తుపెట్టుకోండి

మీరు అడిగింది ఇది: బదిలీ మీద విశాఖ వచ్చారు, బాబుకి ఎనిమిదేళ్లు, జూ చూసేశారు. బోనుల్లో కాకుండా ఇక్కడ వాటంతటవి తిరిగే జీవాల్ని, ఎవరూ నాటకుండా మొలిచే మొక్కల్ని ఏ కాలంలో ఎక్కడ చూపించాలి, అందుకు అరకు వెళ్లాల్సిందేనా అని.

అక్కర్లేదండీ. నేను సాగర్‌నగర్‌లో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను. మా ఇంటికి ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కంబాలకొండ అడవి. ఈ కాస్త మేరలో చూసినంత నేను ఆరుసార్లు అరకు వెళ్లి కూడా చూడలేదు. అక్కడ సగం రోజు కారులోనే అయిపోతుంది.

నాకు కార్తెల లెక్క మా అమ్మమ్మ దగ్గర అబ్బింది. జూన్, జులై అనుకుంటే వాన వెనకాముందూ అవుతుంది, కార్తెలైతే దాదాపు తప్పవు. జూన్ మొదటి వారం దాకా రోహిణి. ఆ ఉక్కలో బయటికి వెళ్లేది పళ్ల కోసమే. రోడ్డు పక్కన ఈతపళ్లు కుప్పలు పోసి అమ్ముతారు, ఆ వెనకే నేరేళ్లు వస్తాయి. తర్వాత మృగశిర, జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర. నా దృష్టిలో వైజాగ్‌లో ఏడాది మొదలయ్యేది అప్పుడే.

ఆరుద్రలో మంచి వాన ఒకటి పడ్డ మర్నాడు పొద్దున్న బాబుని తీసుకుని ఏదైనా కొండ మొదట్లోకి వెళ్లండి. సిమెంటు పడని నేల కావాలి, అంతే. గడ్డి మొదళ్లలో ఎర్రటి చుక్కలు కదులుతూ కనిపిస్తాయి. ఆరుద్ర పురుగులు. కుంకుమ రంగు మఖమలు గుడ్డని చిన్న ముక్కలు చేసి వదిలినట్టుంటాయి. వేలు దగ్గరికి పెడితే కాళ్లు ముడుచుకుని కదలకుండా ఉండిపోతుంది. ఓ నిమిషం ఓపిక పడితే ముందు కాళ్లు మెల్లగా చాపి మళ్లీ నడక మొదలెడుతుంది. కాళ్లు లెక్కపెట్టమనండి, ఎనిమిది ఉంటాయి. అంటే పురుగు అని పిలుస్తాం గానీ అది సాలీడుకి చుట్టం. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే ఉండి, తొలి వానలకి కొద్ది రోజులు పైకొస్తుంది. మా చిన్నప్పుడు పెరట్లోనే వందల్లో ఉండేవి. ఇప్పుడు మా వీధంతా టైల్స్ వేశారు, ఒక్కటి కూడా కనపడదు. కంబాలకొండ వైపు మాత్రం ఇంకా ఉన్నాయి.

వానలు కుదురుకున్నాక ఆనందపురం, తగరపువలస వైపు పొలాల్లో ఈతచెట్లకి, తాటిచెట్లకి గిజిగాళ్ల గూళ్లు వేలాడతాయి. ఊరికే ఫోటో తీసుకుని వచ్చేయకుండా ఓ అరగంట కూర్చోండి. మగపిట్ట గడ్డిపోచలు చీల్చి తెచ్చి సగం గూడు అల్లుతుంది. అది చూడ్డానికి టోపీలా ఉంటుంది. అప్పుడు ఆడపిట్ట వచ్చి లోపలా బయటా చూసుకుని, నచ్చితేనే ఉంటుంది. నచ్చకపోతే మగపిట్ట దాన్ని అలాగే వదిలేసి ఇంకోటి మొదలెడుతుంది. చెట్టు కింద పడి ఉన్న సగం గూళ్లన్నీ అలా పెళ్లిచూపుల్లో తప్పినవే అని మావారు అంటుంటారు.

కంచెల మీద, కొండ వాలు పొదల్లో పాకే అడవినాభి కూడా ఆ రోజుల్లోనే పూస్తుంది. ఆకు చివరే తీగలా మెలి తిరిగి పక్క కొమ్మని పట్టుకుంటుంది. పువ్వు రేకులు పైకి లేచి, కింద పసుపు పైన ఎరుపుతో మంట లేచినట్టుంటుంది. నేను మోజుపడి దుంప తవ్వి తెచ్చి కుండీలో పెట్టాను. మా అత్తగారు చూసి, "పిల్లలున్న ఇంట్లో ఈ విషం ఏటమ్మా!" అని అప్పటికప్పుడు పారేయించారు. ఆవిడ మాటే నిజం. దుంప తింటే ప్రాణం మీదికొస్తుంది. దూరం నుంచి చూడ్డమే. వానల్లో పాములు కూడా తిరుగుతాయి కాబట్టి బూట్లు వేసుకోకుండా గడ్డిలోకి దిగొద్దు.

అక్టోబరు, నవంబరుల్లో సాయంత్రం రోడ్ల మీద ఘాటుగా, తల పట్టేసే వాసనొస్తే అది ఏడాకుల పొన్న పూత. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఊరి చెట్లని కూల్చేశాక చాలా చోట్ల ఈ చెట్లే నాటారు. చెట్టు మన దేశానిదే, కానీ ఇలా వరసగా నాటితే నాలాంటి తలనొప్పి మనిషికి ఆ రెండు నెలలూ కిటికీలు తెరిచే యోగం ఉండదు. హుద్‌హుద్ మర్నాడు కొండ వైపు చూస్తే మండిపోయినట్టు గోధుమరంగులో ఉంది, చెట్టుకి ఆకు లేదు. కొన్ని వారాలకే కొమ్మ కొమ్మకీ చిగుళ్లు వచ్చాయి. అంత త్వరగా కోలుకుంటుందని మేం ఎవరం అనుకోలేదు.

చలికాలం పక్షుల గురించి ఇక్కడ అందరూ చెబుతారు కాబట్టి క్లుప్తంగా. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ జలాశయాలు దగ్గరున్నాయి. ఓపికుంటే అనకాపల్లి దగ్గర కొండకర్ల ఆవ అనే పెద్ద చెరువుకి వెళ్లండి. రెండు తాటిమానులు జత కట్టిన దోనెలో తామరాకుల మధ్య తిప్పుతారు. పొద్దున్న ఎనిమిది లోపు వెళ్తేనే పిట్టలు, ఆ తర్వాత జనమే.

ఇక అసలు సంగతి తాబేళ్లు. డిసెంబరు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన బీచ్‌లకి గుడ్లు పెట్టడానికి వస్తాయి. మొదటిసారి నేను చూసింది ఒక ఫిబ్రవరి అర్ధరాత్రి, జోడుగుళ్లపాలెం దగ్గర. ఇసుకలో ట్రాక్టరు చక్రం అచ్చులాంటి గీత, దాని చివర నల్లగా కదులుతున్న ఆకారం. ఆత్రం కొద్దీ ఫోన్ లైటు వేశాను. పక్కన వల సర్దుకుంటున్న పెద్దాయన "లైటు ఆర్పీమ్మా, ఎనక్కెల్లిపోద్ది" అని అరిచాడు. ఆర్పేలోపే అది తిరిగి నీళ్లలోకి వెళ్లిపోయింది. గుడ్లు పెట్టలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండేళ్ల తర్వాత మళ్లీ దొరికింది. ఈసారి బుద్ధిగా వెనకవైపు, దూరంగా, చీకట్లో కూర్చున్నాం. వెనక తెడ్లతో ఒకటి తర్వాత ఒకటి, గరిటెతో తోడినట్టు ఇసుక తీసి, కూజాలాంటి గొయ్యి మూరెడు లోతు తవ్వింది. అందులోకి రెండేసి మూడేసి గుడ్లు జారుతున్నాయి. టేబుల్ టెన్నిస్ బంతి అంత, తెల్లగా. ఒక్కో గూటిలో వంద దాకా ఉంటాయి. దాని కళ్లు కారుతుంటే "ఏడుస్తోందమ్మా" అని మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఒంట్లో ఎక్కువైన ఉప్పు అలా బయటికి పోతుందని తర్వాత చెప్పాను, ఆ క్షణంలో చెప్పాలనిపించలేదు. గొయ్యి పూడ్చాక అటూ ఇటూ ఊగుతూ పొట్టతో ధబ్ ధబ్‌మని ఇసుకని దిమ్మిస కొట్టింది.

మీరు బాబుతో అర్ధరాత్రి తిరగక్కర్లేదు. అటవీశాఖ వాళ్లు గుడ్లు సేకరించి బీచ్‌లోనే కంచె కట్టి కాపాడతారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. తెల్లవారుజామున వాటిని సముద్రంలోకి వదులుతుంటే చూడొచ్చు, ముందు రోజే అక్కడున్న కాపలావాళ్లని అడిగి పెట్టుకోండి. పిల్లలు వెలుతురున్న వైపు పాకుతాయి. అందుకే కంచె బయట మిగిలిపోయిన గూళ్లలో పుట్టినవి వీధి దీపాలు చూసి బీచ్ రోడ్డు వైపు వచ్చేస్తుంటాయి. ఇంకోటి, ఆ నెలల్లో ఒడ్డున చచ్చిన పెద్ద తాబేళ్లు కూడా కనిపిస్తాయి. వలలో చిక్కుకుంటే పైకొచ్చి ఊపిరి తీసుకునే వీలుండదు. బాబు తప్పకుండా అడుగుతాడు, ఏం చెప్పాలో ముందే అనుకోండి.

మార్చిలో ఆకు రాలిన కొండల మీద కొండగోగు, ఎండ ముదిరాక రేలపూలు, రెండూ పసుపే. జీడిమామిడి, సీతాఫలం, బీచ్ పక్క సరుగుడు మాత్రం మనవి అనుకోకండి, బయటి దేశాల నుంచి వచ్చినవే. ఇసుకలో అసలు మనది చూడాలంటే గులాబీ పూల బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు. ఈ రెండోది గరుకు గడ్డి. ఎండాకాలంలో దాని గింజల బంతి ఊడి, ముళ్ల మీద దొర్లుకుంటూ గాలికి బీచంతా పరుగెడుతుంది. ఎనిమిదేళ్ల వాడికి దాని వెంట పడడం కన్నా పని ఉండదు.

కంబాలకొండకి వెళ్తే పొద్దున్నే వెళ్లి ఎండెక్కేలోపు దిగిపోండి. చిరుతలున్న అడవి, సాయంత్రాలు వద్దు. అన్నట్టు, ఆరుద్ర పురుగుల్ని మేం అగ్గిపెట్టెల్లో దాచుకునేవాళ్లం. మర్నాటికి అన్నీ చచ్చిపోయేవి. బాబు అడిగినా అగ్గిపెట్టె ఇవ్వకండి.