డీఎస్పీ హత్య కేసు: అనుమానం పోలీసు శాఖ మీదే ఉంటే ఏం చేయాలి?

ప్రశ్న: మాది చిత్తూరు. మా ఆయన డీఎస్పీ. యాభై రోజుల కిందట రాత్రి దారి కాచి నరికి చంపినారు. మూడో రోజే ఒక రౌడీషీటర్‌ను పట్టుకుని రిమాండుకు పంపి, పాత కక్ష అని తేల్చేసినారు. అయితే పోస్టింగు విషయంలో తోటి అధికారి ఒకరితోనూ, ఆయన్ను వెనకేసుకొచ్చే పై అధికారితోనూ మా ఆయనకు ఏడాదిగా పడటం లేదు. ముందురోజు "ఫలానా ఆయన మాట్లాడుకుందాం రమ్మన్నాడు, రేపు రాత్రి పోయొస్తా" అని నాతో చెప్పినారు. ఆయన రెండో ఫోను నా దగ్గరే ఉంది, అందులో వాయిస్ మెసేజులు ఉన్నాయి. హైకోర్టుకు పోయి సీబీఐ అడగమని కొందరు, నోరెత్తితే పెన్షన్ ఆపేస్తారని కొందరు చెబుతున్నారు. దారి చూపండి.

జవాబు: అమ్మా, పెన్షన్ భయం ముందు వదిలేయండి. కుటుంబ పెన్షన్, గ్రాట్యుటీ మీ ఆయన సర్వీసుతో వచ్చిన హక్కులు. మీరు ఎవరి మీద ఫిర్యాదు చేశారన్నదానితో వాటికి సంబంధం లేదు.

సీబీఐ సంగతి తర్వాత. ఇలాంటి పిటిషన్లు హైకోర్టులో తేలిపోయేది ఒక ప్రశ్న దగ్గర: "ఈ అనుమానం దర్యాప్తు అధికారికి ఎప్పుడు రాసిచ్చారు?" చూపడానికి కాగితం ఉండదు. పోలీసులు మీ వాంగ్మూలం రాసుకునే ఉంటారు. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 180 కింద రాసే ఆ వాంగ్మూలం మీద మీ సంతకం తీసుకోరు, అందులో ఏం చేరిందో, ఏం జారిపోయిందో మీకు తెలియదు. కాబట్టి మీరే ఒక ఉత్తరం రాయండి. దర్యాప్తు అధికారి పేరుతో రాసి, ప్రతులు ఎస్పీకి, రేంజ్ డీఐజీకి, మంగళగిరిలోని డీజీపీకి స్పీడ్ పోస్టులో పంపండి. రసీదులు, అందినట్టు చూపే ట్రాకింగ్ కాగితం దాచుకోండి.

ఆ ఉత్తరంలో "వాళ్లే చంపించారు" అని రాయకండి. మీరు కళ్లతో చూడనిదాన్ని తీర్పులా రాస్తే అవతలి వకీలుకు మీరే పట్టు ఇచ్చినట్టు. ఏ తేదీన, ఏ వేళప్పుడు, ఏ గదిలో, ఎవరు వింటుండగా, మీ ఆయన ఏ మాట అన్నారో అదే మాటలో రాయండి. చనిపోయినవారి మాటకు విలువేముందని ఎవరైనా అంటే నమ్మకండి. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 26 ప్రకారం చావుకు దారితీసిన పరిస్థితుల గురించి మృతుడు చెప్పిన మాట సాక్ష్యమే. 1939లో పాకాల నారాయణస్వామి కేసులో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలపు అత్యున్నత కోర్టు) ఒప్పుకున్నది సరిగ్గా ఇలాంటి మాటనే: డబ్బు కోసం ఫలానా చోటికి వెళ్తున్నానని పిఠాపురంలో భర్త భార్యతో చెప్పిన మాట. అయితే అదే తీర్పు, చావు సందర్భంతో నేరుగా ముడిపడని భయాలు, అనుమానాలు చెల్లవంది. "నన్ను బతకనివ్వరు" అని ఆరు నెలల కిందట అన్న మాటకంటే "రేపు రాత్రి రమ్మన్నాడు" అన్నది ఎన్నో రెట్లు బలం. దాన్ని మొదటి పేరాలోనే పెట్టండి. మేజిస్ట్రేటు ఎదుట బీఎన్ఎస్ఎస్ 183 కింద మీ వాంగ్మూలం నమోదు చేయించమని కూడా ఉత్తరంలోనే అడగండి. సాక్షి నేరుగా వెళ్లి ఇస్తానంటే కుదరదు, దర్యాప్తు అధికారే కోరాలి. అడిగినా చేయించకపోతే, అది రేపు మీ పిటిషన్‌కు ఆధారమవుతుంది.

ఇక ఫోను. బాధ కొద్దీ అందరూ చేసే పొరపాటు, వాయిస్ మెసేజులను బంధువులకు ఫార్వర్డ్ చేయడం. మళ్లీ మళ్లీ తెరవకండి, ఏదీ తుడిచేయకండి, రీసెట్ చేయకండి. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపండి. లేకపోతే అవతలివాళ్లు పంపిన మెసేజు వాళ్ల వైపు నుంచే చెరిపేసే వీలుంటుంది. దర్యాప్తు అధికారికి చేతికిచ్చి రాకండి. పంచనామా రాయించి, ఐఎంఈఐ నంబరు, సీలు వివరాలు, హాష్ విలువ (డేటా మారలేదని చూపే గుర్తు సంఖ్య) అందులో ఎక్కాయో లేదో చూసుకుని ప్రతి తీసుకోండి. ఇవ్వడానికి నమ్మకం చాలకపోతే, కోర్టు ద్వారా ఫోరెన్సిక్ ల్యాబుకు పంపమని మేజిస్ట్రేటును కోరండి. ఎలక్ట్రానిక్ రికార్డుకు సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. దాని మొదటి భాగం రికార్డు దాఖలు చేసేవారు, రెండో భాగం నిపుణుడు నింపాలి. ఆ రెండో భాగం లేక వెనక్కి వచ్చే కాగితాలు తక్కువేమీ కాదు.

కాల్ రికార్డులను టెలికాం కంపెనీలు రెండేళ్లు ఉంచాలి, కాబట్టి అవి పోయి ఉండవు. షాపుల సీసీ కెమెరాల్లో పాత దృశ్యం మీద కొత్తది ఎక్కిపోతుంది. యాభై రోజులంటే చాలాచోట్ల చెరిగిపోయి ఉంటుంది. ఎప్పుడు స్వాధీనం చేసుకున్నారో, అసలు చేసుకున్నారో లేదో రాతపూర్వకంగా అడగండి. స్టేషన్ జనరల్ డైరీ, జీపు లాగ్‌బుక్, వైర్‌లెస్ లాగ్ భద్రపరచమని కూడా కోరండి. ఆ రాత్రి ఏ అధికారి ఎక్కడున్నాడో తేల్చేవి అవే.

నెల తిరిగినా కదలిక లేకపోతే మేజిస్ట్రేటు దగ్గర బీఎన్ఎస్ఎస్ 175(3) కింద పిటిషన్ వేయండి. దర్యాప్తు సరిగా సాగేలా చూసే అధికారం మేజిస్ట్రేటుకు ఉందని 2007లో సకిరి వాసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే సీబీఐకి ఇచ్చే అధికారం మేజిస్ట్రేటుకు లేదు. అది హైకోర్టు పని, రాజ్యాంగం 226వ అధికరణ కింద. రాష్ట్ర సమ్మతి లేకపోయినా ఇవ్వవచ్చని, అయితే అరుదుగానే ఇవ్వాలని 2010లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అదే ఏడాది రుబాబుద్దీన్ షేక్ కేసులో, నిందితులు ఆ రాష్ట్ర పోలీసు అధికారులే కాబట్టి, ఛార్జిషీటు పడిన తర్వాత కూడా సుప్రీంకోర్టు సీబీఐకి అప్పగించింది. మీకు దగ్గరి తీర్పు ఇదే. పిటిషన్‌లో సీబీఐ ఒక్కటే కోరకండి. లేనిపక్షంలో జిల్లాతో సంబంధం లేని అధికారితో, హైకోర్టు పర్యవేక్షణలో సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేయమని కూడా రాయించండి.

ఛార్జిషీటుకు ఇక ఎక్కువ రోజుల్లేవు. రిమాండు మొదలైన 90 రోజుల్లో వేయకపోతే నిందితుడికి బెయిలు హక్కుగా వస్తుంది కాబట్టి పోలీసులు తొందరపడతారు. ఆ రౌడీషీటర్ ఒక్కడి పేరుతోనే వేసినా కేసు ముగిసినట్టు కాదు. బీఎన్ఎస్ఎస్ 193(9) కింద తదుపరి దర్యాప్తు కోరవచ్చు. విచారణలో సాక్ష్యం వస్తే 358 కింద కొత్త నిందితులను కోర్టే చేర్చగలదు. అధికారులను ప్రాసిక్యూట్ చేయడానికి ప్రభుత్వ అనుమతి కావాలనే మాటకూ బెదరకండి. హత్యకు కుట్ర చేయడం విధి నిర్వహణ కాదు.

బెదిరింపులు వస్తుంటే 2018 సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు చేసుకోండి. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే అధికార సంఘం దాన్ని చూస్తుంది. ఒక చిక్కుంది: ముప్పు ఎంతో తేల్చే నివేదిక మామూలుగా మీ సబ్‌డివిజన్ డీఎస్పీ నుంచే వస్తుంది, ఎస్పీ ఆ సంఘంలో సభ్యుడు. అందుకని ఆ నివేదికను బయటి జిల్లా అధికారితో తెప్పించమని, కారణాలతో సహా, దరఖాస్తులోనే కోరండి.