ల్యాండ్ గ్రాంట్ యూనివర్సిటీ అంటే తక్కువా?

ప్రశ్న: మా అమ్మాయి బాపట్లలో బీఎస్సీ అగ్రికల్చర్ పూర్తిచేసింది. అమెరికాలోని కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో ఆగ్రానమీ (పంటల సాగు శాస్త్రం) ఎంఎస్‌కు అసిస్టెంట్‌షిప్‌తో (యూనివర్సిటీలో పనిచేస్తే ఫీజు మాఫీ, నెలభృతి ఇచ్చే ఏర్పాటు) సీటు వచ్చింది. అది ‘ల్యాండ్ గ్రాంట్’ యూనివర్సిటీ అట. సర్కారు భూమితో పెట్టిన చదువుకు విలువ ఉంటుందా? ఒక ప్రైవేటు యూనివర్సిటీలో డేటా సైన్స్ సీటు కూడా ఉంది. ఏది మేలు?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అమెరికాలో పేరుమోసిన ఎంఐటీ, కార్నెల్ కూడా ల్యాండ్ గ్రాంట్ సంస్థలేనండీ. ఈ మాటతో మీ మనసు కుదుటపడితే, మీ బెంగ చదువు గురించి కాదు, బంధువులకు ఏ పేరు చెప్పాలన్న దాని గురించి.

1862లో లింకన్ సంతకం చేసిన మోరిల్ చట్టం కాంగ్రెస్‌లో (అక్కడి పార్లమెంటులో) ఉన్న ఒక్కో సభ్యుడికి 30,000 ఎకరాల లెక్కన రాష్ట్రాలకు భూమి ఇచ్చింది. అది అమ్మిన సొమ్ముతో రైతుల, కార్మికుల పిల్లలకు వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే కాలేజీలు నడపాలి. ఆ భూముల్లో చాలావరకు అక్కడి ఆదివాసుల నుంచి లాక్కున్నవే. అదీ తెలిసి ఉండాలి. 1863లో మొదలైన కాన్సస్ స్టేట్ ఈ వరుసలో తొలినాళ్లది. 1887లో ప్రయోగ క్షేత్రాలకు, 1914లో పరిశోధనను రైతు ముంగిటికి చేర్చే విస్తరణ సేవలకు చట్టాలు తోడయ్యాయి.

1964లో మన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది ఈ నమూనాలోనే. దానికి చేయూతనిచ్చింది ఈ కాన్సస్ స్టేటే. బాపట్ల కాలేజీ ఆ విశ్వవిద్యాలయంలో భాగమైంది. అంటే మీరు అనుమానిస్తున్న పద్ధతిలోనే మీ అమ్మాయి నాలుగేళ్లు చదివింది!

ఇక డేటా సైన్స్. అది చెడ్డ చదువని అనను. కానీ గణాంకశాస్త్రం మీద ఇష్టం లేకుండా, పక్కింటి అబ్బాయి వెళ్లాడని అప్పుచేసి వెళ్లి, కోర్సు ముగిశాక ఏ ఉద్యోగానికి దరఖాస్తు చేయాలో తెలియక నాకు ఫోన్ చేసినవాళ్లు చాలామందే ఉన్నారు. పంట దిగుబడుల లెక్కలు, ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ ఆగ్రానమీలోనూ ఉంటాయి. పొలం తెలిసి లెక్క నేర్చినవారికి ఉండే పట్టు వేరు.

ఇంత రాశారు, అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్క రాయలేదేం? పెళ్లి సంబంధాలవాళ్ల అభిప్రాయం కూడా కనుక్కునే ఉంటారు, ఆమెను తప్ప!

భయపడకండి, సీటు మంచిదే. అసిస్టెంట్‌షిప్ ఉత్తరంలో ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీయా, కొంతేనా, నెలభృతి ఎంత, ఎన్ని సెమిస్టర్లకు అన్నవి చూడండి. ఆ ఉత్తరం అమ్మాయి చేతనే చదివించుకోండి.